అల్యూమినియం క్లోరైడ్ బస్తా, జియోలైట్ గుళిక

పాత నల్లగొండ జిల్లాలోని చౌటుప్పల్, బీబీనగర్, భూదాన్ పోచంపల్లి, చిట్యాల. పాలమూరు వైపు జడ్చర్ల దగ్గరి పోలేపల్లి సెజ్, 2016 జిల్లాల విభజనలో రంగారెడ్డిలో కలిసిన కొత్తూరు. హైదరాబాద్‌కు తూర్పున, దక్షిణాన మందుల పరిశ్రమ పరచుకున్న తీరు ఇది. ఈ కంపెనీల గురించి మాట వస్తే చర్చ ఉద్యోగాల దగ్గర మొదలై బోరు నీటి దగ్గర ముగుస్తుంది. రియాక్టర్ మూత కింద ఏ రసాయన చర్య నడుస్తోంది, అదే సరుకు వేరే దారిలో వస్తుందా అని అడిగేవాళ్లు తక్కువ. వ్యర్థజలాలను శుద్ధి చేసే ఈటీపీకి ఎంత వ్యర్థం చేరుతుందన్నది చాలావరకు నిర్ణయమైపోయేది మాత్రం అక్కడే. వ్యర్థాన్ని శుద్ధి చేసే పరికరం ఎంత గొప్పదైనా, అసలు పుట్టకుండా ఆగిపోయిన వ్యర్థంతో పోటీ పడలేదు.

ఒక చిన్న లెక్కతో విషయం తేలికగా అర్థమవుతుంది. అనిసోల్ అనే ద్రవానికి ఎసిటైల్ సమూహాన్ని తగిలిస్తే పారా-మెథాక్సీ ఎసిటోఫినోన్ వస్తుంది. సువాసన ద్రవ్యాల తయారీలోనూ, ఇతర సేంద్రియ సంశ్లేషణల్లోనూ పనికొచ్చే ఇంటర్మీడియట్, అంటే మధ్యదశ పదార్థం ఇది. 1877లో ఫ్రీడెల్, క్రాఫ్ట్స్ చూపిన పద్ధతిలో అయితే అనిసోల్, ఎసిటైల్ క్లోరైడ్‌లకు తోడు అల్యూమినియం క్లోరైడ్ వేయాలి. పాఠ్యపుస్తకాలు అల్యూమినియం క్లోరైడ్‌ను ఉత్ప్రేరకం అంటాయి. ఉత్ప్రేరకమంటే చర్య ముగిశాక తిరిగి చేతికి రావాలి. ఇక్కడ ఆ పని జరగదు. పుట్టిన కీటోన్‌లోని ఆక్సిజన్ అల్యూమినియాన్ని గట్టిగా పట్టుకుంటుంది, నీళ్లు పోసి విరగ్గొడితే తప్ప వదలదు. అందువల్ల ఒక మోల్ సరుకుకు ఒక మోల్ కంటే కాస్త ఎక్కువే వేయాలి. ఎసిటైల్ క్లోరైడ్ బదులు ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ వాడితే రెండు మోల్‌లు దాటుతుంది.

బరువుల్లో చూద్దాం. ఈ కీటోన్ మోల్ బరువు 150 గ్రాములు, అల్యూమినియం క్లోరైడ్‌ది 133. పది శాతం అదనంగా వేసి, దిగుబడి నూటికి నూరు వచ్చిందనుకున్నా, కిలో సరుకుకు దాదాపు కిలో అల్యూమినియం క్లోరైడ్ ఖర్చవుతుంది. క్వెంచింగ్ (నీళ్లు పోసి విరగ్గొట్టడం) తర్వాత కాస్టిక్ సోడాతో తటస్థం చేస్తే సుమారు 570 గ్రాముల అల్యూమినియం హైడ్రాక్సైడ్ తేలుతుంది. అది పొడిగా ఉన్నప్పటి బరువు. నిజానికి అది నీళ్లు పట్టిన జిగురు ముద్దగా వస్తుంది, ఫిల్టర్‌లో వేయడమే ఒక పని. దానికి తోడు 1.3 కిలోల ఉప్పు నీళ్లలో కరిగి ఉంటుంది. చర్య జరుగుతుండగా వెలువడే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు మరో పావు కిలో దాకా, వాయువులను కడిగే స్క్రబ్బర్‌కు పోతుంది. కిలో సరుకుకు రెండు కిలోలకు పైగా చెత్త, అదీ ద్రావణులను, కడిగిన నీళ్లను లెక్కలో వేయకుండానే. 1992లో రోజర్ షెల్డన్ ప్రతిపాదించిన ఈ-ఫ్యాక్టర్ కొలిచేది దీన్నే: కిలో ఉత్పత్తికి ఎన్ని కిలోల వ్యర్థం అని. ఆయన వేసిన అంచనాల్లో చమురు శుద్ధికి ఇది 0.1 దగ్గర, ఫైన్ కెమికల్స్‌కు 5 నుంచి 50 దాకా, మందులకు 25 నుంచి 100 పైదాకా ఉంది. మురికి పరిశ్రమగా పేరు పడ్డది రిఫైనరీ, కిలోల లెక్కలో మురికి మాత్రం మందుల కార్ఖానాది. రిఫైనరీ అంత తక్కువ వ్యర్థంతో గట్టెక్కడానికి ఉన్న కారణాల్లో ముఖ్యమైనది జియోలైట్ అనే సన్నని రంధ్రాల ఖనిజం.

అల్యూమినియం హైడ్రాక్సైడ్ ముద్ద నల్లగొండకు కొత్తది కాదు. ఈ జిల్లా పేరుతోనే ప్రపంచానికి తెలిసిన నల్లగొండ పద్ధతి దాని మీదే నిలబడింది. ఫ్లోరైడ్ నీటిలో పటిక, సున్నం కలిపితే ఇదే హైడ్రాక్సైడ్ తెరలు తెరలుగా ఏర్పడి ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగుతుంది. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు రూపొందించిన విధానం అది. అక్కడ కావాలని పుట్టించుకున్న పదార్థమే ఇక్కడ వదిలించుకోవలసిన బరువైంది. జియోలైట్లు అయాన్లను మార్చుకుంటాయి కదా, వాటితో ఫ్లోరైడ్ తీయలేమా అనే సందేహం ఈ ప్రాంతంలో సహజం. మామూలు జియోలైట్‌తో కుదరదు. దాని చట్రానిది రుణావేశం, ఫ్లోరైడ్‌దీ రుణావేశమే. అమ్మోనియం, సీసం వంటి ధనావేశ అయాన్లను పట్టడంలో అది దిట్ట. ఫ్లోరైడ్ కోసమైతే అల్యూమినియం, జిర్కోనియం వంటి లోహాలతో దానికి పై పూత వేయాలి.

చట్రంలో ఆమ్లం

సిలికాన్ చుట్టూ నాలుగు ఆక్సిజన్లు, ప్రతి ఆక్సిజన్ పక్క సిలికాన్‌తో పంచుకున్నది. ఇలా అల్లుకుంటూ పోతే ఇసుకా అవుతుంది, జియోలైటూ అవుతుంది. జియోలైట్‌లో ఆ అల్లిక మధ్య ఒకే కొలత గల రంధ్రాలు, గదులు క్రమం తప్పకుండా ఉంటాయి. అక్కడక్కడ సిలికాన్ స్థానంలో అల్యూమినియం కూర్చుంటుంది. సిలికాన్ వేలన్సీ నాలుగు, అల్యూమినియంది మూడు. ఆ తేడా వల్ల చట్రానికి ఒక రుణావేశం మిగులుతుంది, దాన్ని సరిచేయడానికి సోడియం లాంటి ఒక ధన అయాన్ పక్కన చేరుతుంది. సోడియంను తీసి అమ్మోనియంను పెట్టి, కాల్చి అమ్మోనియాను తరిమేస్తే ఒక ప్రోటాన్ మిగులుతుంది. ఒలకని, తుప్పు పట్టించని, వడపోస్తే తిరిగొచ్చే ఘనరూప ఆమ్లం అలా తయారవుతుంది. అల్యూమినియం ఎంత తక్కువగా ఉంటే ఆమ్ల కేంద్రాలు అంత తక్కువ, కానీ ఒక్కొక్కటి అంత బలమైనది. పైగా చట్రం నీటిని దూరం పెట్టి సేంద్రియ అణువులను ఇష్టపడటం మొదలుపెడుతుంది. ఏ చర్యకు ఏ నిష్పత్తి కావాలో చూసుకుని తయారు చేసుకోవచ్చు.

ఈ ఖనిజాన్ని 1756లో స్వీడన్‌కు చెందిన క్రోన్‌స్టెట్ వర్ణించాడు. ప్రకృతిలో ఇవి అగ్నిపర్వత శిలల బొరియల్లో పెరుగుతాయి. మహారాష్ట్రలోని దక్కన్ నల్లరాయి వీటికి పేరుపడ్డ చోటు. ఆ నల్లరాయి అంచు కొడంగల్, వికారాబాద్ వైపు తెలంగాణలోకీ వస్తుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో ఎక్కువ భాగం గ్రానైట్ నేల కాబట్టి ఇక్కడ గుట్టలు తవ్వి లాభం లేదు. అయినా రియాక్టర్‌కు గని సరుకు అక్కర్లేదు. అందులో ఇనుము, ఇతర మలినాలు ఉంటాయి, రంధ్రాలు కొంతవరకు పూడుకుపోయి ఉంటాయి. 1940ల చివర యూనియన్ కార్బైడ్‌లో రాబర్ట్ మిల్టన్ బృందం కృత్రిమ జియోలైట్లను తయారుచేసినప్పటి నుంచి కథ ఆటోక్లేవ్‌కు, అంటే ఒత్తిడిని తట్టుకునే మూత పాత్రకు మారింది. సిలికేట్, అల్యూమినేట్, కాస్టిక్ కలిపి, కొన్ని రకాలకు అచ్చుగా ఒక సేంద్రియ అమ్మోనియం లవణం చేర్చి, వేడి మీద కొన్ని గంటల నుంచి కొన్ని రోజుల పాటు ఉంచితే స్ఫటికాలు దిగుతాయి. ఇప్పటికి అంతర్జాతీయ జియోలైట్ సంఘం గుర్తించిన చట్రాలు 250 దాటాయి. పరిశ్రమ నమ్ముకున్నవి మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేన్ని.

మందుల ముడిసరుకు చేసే బల్క్ డ్రగ్ యూనిట్లలో పనిచేసేవాళ్లకు జియోలైట్ అపరిచితం కాదు. ద్రావణుల్లోంచి తేమ లాగడానికి వాడే మాలిక్యులర్ సీవ్స్ పూసలు జియోలైట్లే. 2021లో కరోనా రెండో ఉద్ధృతి సమయంలో ఆసుపత్రుల్లో పెట్టిన పీఎస్ఏ ఆక్సిజన్ ప్లాంట్లలో గాలిలోని నత్రజనిని పట్టి ఉంచిందీ జియోలైటే. తేమ పీల్చే పూసగా స్టోర్ గదిలో ఉన్న పదార్థం చర్య నడిపే ఉత్ప్రేరకంగా రియాక్టర్ గదిలోకి వెళ్లడం వేరే సంగతి.

రంధ్రం కొలత

మామూలు ఆమ్లానికి, జియోలైట్‌కు అసలు తేడా రంధ్రం కొలతలో ఉంది. ఏ-రకం జియోలైట్ ద్వారం సుమారు 4 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మిల్లీమీటరులో కోటో వంతు), జెడ్‌ఎస్‌ఎం-5ది ఐదున్నర దగ్గర, బీటాది ఆరున్నర పైన, వై-రకానిది 7.4. సేంద్రియ అణువుల వెడల్పులు కూడా సరిగ్గా ఈ పరిధిలోనే ఉంటాయి. అందువల్ల ఆమ్లం తన పని తాను చేస్తుండగా, ద్వారం ఎంపిక చేస్తుంది. వైజ్, ఫ్రిలెట్ ఈ ఆకార ఎంపికను 1960లో నిరూపించారు. 1962 నుంచి మోబిల్ కంపెనీ చమురు పగలగొట్టడానికి జియోలైట్‌ను వాడింది. 1972లో ఆ కంపెనీయే జెడ్‌ఎస్‌ఎం-5కు పేటెంట్ పొందింది.

జైలీన్‌ల సంగతి దీనికి మంచి ఉదాహరణ. బెంజీన్ వలయం మీద రెండు మిథైల్ సమూహాలు పక్కపక్కన ఉంటే ఆర్థో, ఒకటి వదిలి ఉంటే మెటా, ఎదురెదురుగా ఉంటే పారా. ఉష్ణగతిక సమతాస్థితిలో పారా నాలుగో వంతు కూడా ఉండదు, సగానికి పైగా మెటాయే. కావలసింది పారా. పాలిస్టర్‌కు, పెట్ సీసాలకు మూలమైన టెరిఫ్తాలిక్ ఆమ్లం దాన్నుంచే వస్తుంది. ఇరుకు సందులో నిచ్చెన మోసుకెళ్లేవాడు దాన్ని సందు వెంబడి పట్టుకుంటే దూసుకుపోతాడు, అడ్డంగా పట్టుకుంటే గోడలకు తగులుతాడు. పారా జైలీన్ మొదటి రకం. జెడ్‌ఎస్‌ఎం-5 సొరంగాల్లో అది మిగతా ఇద్దరికంటే సుమారు వెయ్యి రెట్లు వేగంగా కదులుతుంది. బయటికి రాలేక లోపలే తిరుగాడే ఆర్థో, మెటా అణువులు ఆమ్ల కేంద్రాలకు మళ్లీ తగిలి పారాగా మారి బయటపడతాయి. సరిగ్గా సవరించిన జెడ్‌ఎస్‌ఎం-5 మీద టాలుయీన్‌ను నడిపితే వచ్చే జైలీన్‌లలో పారా వాటా 90 శాతం దాటుతుంది. సమతాస్థితి నియమం ఎక్కడా చెడలేదు, ద్వారం దగ్గర లెక్క మారింది, అంతే. భారతదేశంలో ఈ రంగాన్ని ముందుకు నడిపింది పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాల. పాల్ రత్నసామి అక్కడ జియోలైట్ ఉత్ప్రేరకాలను ప్రయోగశాల నుంచి ప్లాంట్ దాకా చేర్చిన శాస్త్రవేత్త.

మందుల వైపు

పెట్రోకెమికల్స్‌లో ఇంత గెలిచిన పదార్థం మందుల ముడిసరుకు వైపు వచ్చేసరికి ఎంచుకున్న చోట్లలోనే నిలదొక్కుకుంది. మొదట గెలిచిన చోట్లు.

పైన చెప్పిన అనిసోల్ చర్యనే ఫ్రాన్స్‌కు చెందిన రోన్-పూలెంక్, తర్వాత పేరు మారిన రోడియా, 1990లలో బీటా జియోలైట్ మీదికి మార్చింది. ఎసిటైల్ క్లోరైడ్ పోయి ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ వచ్చింది. గుళికలు నింపిన గొట్టంలో ద్రవం నిరంతరం పారుతుంది. నీళ్లు పోయడం లేదు, తటస్థం చేయడం లేదు, ముద్ద లేదు. కిలో సరుకుకు పక్కన వచ్చేది సుమారు 400 గ్రాముల ఎసిటిక్ ఆమ్లం, అదీ వేరే పనికి వాడుకోదగింది. అల్యూమినియం క్లోరైడ్‌ను బంధించిన కీటోన్ జియోలైట్‌ను మాత్రం ఎందుకు బంధించదు? నిజానికి అదీ కొంత అంటుకుంటుంది. కాకపోతే ఆ పట్టు నీళ్లతో తప్ప విడిపించలేనంత గట్టిది కాదు, అధికంగా పంపే అనిసోల్ ప్రవాహం దాన్ని కడిగి తీసుకుపోతుంది. గొట్టంలో నిరంతర ప్రవాహం ఇక్కడ అలంకారం కాదు, ఉత్ప్రేరకం బతకడానికే అది కావాలి. అదే చర్యను బ్యాచ్ రియాక్టర్‌లో చేస్తే ఉత్పత్తి పోగుపడి రంధ్రాలను మూసేస్తుంది, వేగం పడిపోతుంది. ఈ సంగతి పట్టించుకోకుండా రౌండ్ బాటమ్ ఫ్లాస్క్‌లో జియోలైట్ వేసి చూసి, పనికిరాదని పక్కన పెట్టడం మామూలుగా జరిగే పొరపాటు.

రెండోది పిరిడీన్. ఎసిటాల్డిహైడ్, ఫార్మాల్డిహైడ్, అమ్మోనియా ఆవిరులను జెడ్‌ఎస్‌ఎం-5 రకం ఉత్ప్రేరకం మీదుగా పంపితే పిరిడీన్, 3-పికొలీన్ వస్తాయి. ఫార్మాల్డిహైడ్ లేకుండా పంపితే 2-, 4-పికొలీన్‌లు. 3-పికొలీన్ నుంచి నికోటినమైడ్ విటమిన్, 4-పికొలీన్ నుంచి క్షయకు వాడే ఐసోనియజిడ్ తయారవుతాయి. టీబీ మందు పొట్లంలోని ఒక బిళ్ల వెనుక ఎక్కడో ఇలాంటి వేడి గొట్టం ఉందన్నమాట. తార్నాకలోని ఐఐసీటీ (భారతీయ రసాయన సాంకేతిక సంస్థ) ఈ పిరిడీన్ చర్యలను సవరించిన జియోలైట్ల మీద విస్తృతంగా పరిశోధించింది.

మూడోది ఆమ్లం కథ కాదు, ఆక్సీకరణం కథ. చట్రంలో అల్యూమినియం బదులు కొద్దిగా టైటానియంను కూర్చోబెట్టిన టీఎస్-1ను ఇటలీకి చెందిన ఎనీ సంస్థ పరిశోధకులు 1983లో పేటెంట్‌గా ప్రకటించారు. హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిస్తే అది ఫినాల్‌ను కాటెకాల్, హైడ్రోక్వినోన్‌లుగా మారుస్తుంది, పక్కన మిగిలేది నీరు. అదే ఉత్ప్రేరకం సైక్లోహెక్సనోన్, అమ్మోనియా, పెరాక్సైడ్‌ల నుంచి నేరుగా ఆక్సీమ్ ఇస్తుంది. ఆ ఆక్సీమ్‌ను నైలాన్-6కు మూలమైన కాప్రోలాక్టమ్‌గా మార్చడానికి గంధకికామ్లం వాడేవారు, తటస్థం చేస్తే గుట్టలుగా అమ్మోనియం సల్ఫేట్ మిగిలేది. జపాన్‌కు చెందిన సుమితోమో 2003లో ఆ దశను కూడా సిలికా ఎక్కువగా ఉన్న జియోలైట్ మీద ఆవిరి స్థితిలో నడిపి, సల్ఫేట్ లేకుండా చేసింది.

నైట్రేషన్‌లోనూ బీటాతో పారా వాటా పెంచవచ్చని ప్రయోగశాలలో చూపారు. కానీ నైట్రిక్, గంధకికామ్లాల మిశ్రమం ఎంత చౌకంటే, వాడేసిన ఆమ్లాన్ని (స్పెంట్ యాసిడ్) మోసుకుపోయే ఖర్చు కలిపినా పాత దారే నెగ్గుతోంది.

అడ్డంకులు

అసలు అడ్డంకి జ్యామితిలో ఉంది. మందు అణువులు పెద్దవి. కొలెస్ట్రాల్‌కు వాడే అటోర్వాస్టాటిన్ లాంటిది జియోలైట్ ద్వారం దగ్గరికి వచ్చి ఆగిపోతుంది, లోపలికి పోదు. 1992లో మోబిల్ ప్రకటించిన ఎంసీఎం-41 లాంటి పెద్ద రంధ్రాల పదార్థాలు వచ్చినప్పుడు ఈ చిక్కు తీరుతుందనుకున్నారు. వాటి గోడలు స్ఫటికాకారంలో ఉండవు, ఆమ్ల బలం తక్కువ. స్ఫటికంలోనే కాస్టిక్‌తో కొంత సిలికాను కరిగించి పెద్ద దారులు తెరిచే పద్ధతి దానికంటే నయం. అయినా చివరి దశల్లో నాలుగైదు ధ్రువ సమూహాలు మోసే అణువులు ఆమ్ల కేంద్రాలకు అంటుకుని అక్కడే మసిబారిపోతాయి. 500 డిగ్రీల సెల్సియస్ దగ్గర గాలిలో కాల్చితే మసి పోయి జియోలైట్ కోలుకుంటుంది. ఇది దాని గొప్ప గుణమే. కానీ ఆ వేడిని తట్టుకునే గొట్టం, గాలి, నియంత్రణ కావాలి. గ్లాస్ లైన్డ్ రియాక్టర్లు వరుసగా నిలబెట్టిన షెడ్డులో అవి ఉండవు.

పరిమాణమూ అడ్డమే. పారా జైలీన్ ప్లాంటు ఒకే సరుకును ఏళ్ల తరబడి లక్షల టన్నుల్లో తీస్తుంది. బల్క్ డ్రగ్ యూనిట్ అదే రియాక్టర్‌లో ఈ నెల ఒకటి, వచ్చే నెల మరొకటి చేస్తుంది. ఒక్కో చర్యకు ఒక్కో జియోలైట్‌ను ఎంచి, నిష్పత్తి సరిచూసి, గుళికలు చేసి, దాని ఆయుష్షు కొలవడం అక్కడ గిట్టుబాటు కాదు. అల్యూమినియం క్లోరైడ్ బస్తా విప్పితే చాలు, ఏ కీటోన్‌కైనా పనిచేస్తుంది. ఆర్డర్ ఎప్పుడు మారుతుందో తెలియని చోట ఆ వెసులుబాటుకు విలువ ఎక్కువ.

ఇక కాగితాల గొడవ. మందు తయారీ మార్గం నియంత్రణ సంస్థల దగ్గర దాఖలై ఉంటుంది. చివరి దశల్లో ఉత్ప్రేరకం మారిస్తే మలినాల తీరు మారవచ్చు. కొత్త బ్యాచ్‌ల విశ్లేషణలు, స్థిరత్వ పరీక్షలు, మళ్లీ దాఖలు. ఏళ్లు పడుతుంది. అయితే ఆ దాఖలాల్లో ప్రారంభ పదార్థం అని ఒక గీత ఉంటుంది. ఆ గీతకు ముందు జరిగే చర్యల మీద పట్టు చాలా తక్కువ. చిన్న సుగంధ వలయాలకు ఎసిటైల్ తగిలించడం, పిరిడీన్ వలయం కట్టడం, ఫినాల్‌కు ఒక హైడ్రాక్సిల్ చేర్చడం ఎక్కువగా ఆ గీతకు ముందే జరిగే పనులు. అణువులు చిన్నవి, సరుకు టన్నుల్లో, ధర మీద పోటీ గట్టిది. జియోలైట్ రంధ్రానికి సరిపోయేవీ, జియోలైట్ ఆర్థికానికి సరిపోయేవీ ఒకే చోట కలుస్తాయి. కాబట్టి ఈ ప్రాంతపు పరిశ్రమ జియోలైట్ గురించి ఆలోచించవలసింది బిళ్లగా మారే ఏపీఐ (అసలు మందు పదార్థం) దగ్గర కాదు, దానికి నాలుగు మెట్ల కింద, చాలాసార్లు దిగుమతి మీద ఆధారపడే ముడి ఇంటర్మీడియట్‌ల దగ్గర.

అక్కడ కూడా అన్నీ ఒకేలా లొంగవు. అనిసోల్ వలయం మెథాక్సీ సమూహం వల్ల చురుకైనది కనుక బీటా మీద హాయిగా నడిచింది. ఐబుప్రొఫెన్‌కు మూలమైన ఐసోబ్యూటైల్ బెంజీన్ అంత చురుకైనది కాదు, జియోలైట్ మీద దాని ఎసిటైలేషన్ మందకొడిగా సాగుతుంది. ఒక చర్యలో వచ్చిన ఫలితాన్ని చూసి పక్క చర్యకు పెట్టుబడి పెడితే నష్టమే మిగులుతుంది.

వ్యర్థం ఖర్చు ఎవరి పుస్తకంలో ఉందన్నది చివరికి నిర్ణయాన్ని మారుస్తుంది. అల్యూమినియం క్లోరైడ్ వ్యర్థ ద్రావణానికి నీటి శుద్ధి రసాయనాల తయారీలో గిరాకీ ఉంది. కొనేవాడు దొరికితే కంపెనీకి అది వ్యర్థం కాదు, ఉప ఉత్పత్తి. అప్పుడు జియోలైట్ గొట్టం వైపు చూసే కారణం బలహీనపడుతుంది. జీరో లిక్విడ్ డిశ్చార్జి నిబంధన, అంటే చుక్క వ్యర్థజలం కూడా బయటికి వదలకూడదన్న నియమం, కచ్చితంగా అమలైన చోట లెక్క తిరగబడుతుంది. కిలో సరుకుకు 1.3 కిలోల ఉప్పును ఎవాపరేటర్‌లో ఆవిరి పెట్టి ఆరబెట్టి, ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి లారీలో పంపాలి. ఆవిరికి బొగ్గు, లారీకి కిరాయి, పూడ్చినందుకు టన్నుకు రుసుము. ఈ మూడింటినీ ఉత్పత్తి ఖర్చులో కలిపి, పక్కన జియోలైట్ ఖరీదును దాని ఆయుష్షులో వచ్చే మొత్తం సరుకు మీద పంచి చూస్తే, ఏ ఇంటర్మీడియట్‌కు మార్పు దక్కుతుందో, దేనికి దక్కదో తేలుతుంది. కొన్నిటికి ఇప్పటికీ బస్తాయే చౌక అని తేలినా ఆశ్చర్యం లేదు.